ఇంటి నీరు, ఇంటి మంట, ఇంటి దీపం



ఈవేళ పైరు సంగతి పక్కనబెట్టి ఇంటి సంగతి ముచ్చటించదలచుకున్నాను. ఇంటికి రోజూ కావలసినవి మూడు: నీళ్ళు, మంట, దీపం. పూర్వం నీళ్ళు ఇంటి బావిలో ఉండేవి. మంట పిడకలతోనో కట్టెలతోనో నడిచేది. దీపం మాత్రం ఆముదంతో వెలిగినా కిరసనాయిలుతో వెలిగినా అంతంతమాత్రం. ఇప్పుడు నీళ్ళు కుళాయిలో, మంట సిలిండరులో, దీపం తీగ మీద వస్తున్నాయి. సుఖమే, కాదనను. కాని ఈ మూడింటిలో ఏది ఒక పూట ఆగినా మనం చేతులు కట్టుకు కూర్చోవలసిందే. ఇందులో ఎంతవరకు మన ఇంట్లోనే సమకూర్చుకోగలం, ఎక్కడ సమకూర్చుకోలేం అన్నదే నేటి విషయం.

నేను చెప్పబోయే ఇల్లు పల్లెలో లేదు, హైదరాబాదు పాతబస్తీలో లాల్ దర్వాజా వైపు ఒక గల్లీలో ఉంది. అది మా మేనమామ ఇల్లు. ‘పల్లెవాళ్ళకు పట్నం ఇంటి కథ ఎందుకయ్యా’ అంటారేమో. 120 గజాల డాబా, వెనక నాలుగు బర్రెల కొట్టం, ముందు వాకిట్లో ఒక పాత బావి. ఇంత ఇరుకులో సాధ్యమైన పని జాగా ఉన్న పల్లె ఇంట్లో మరింత సులువు. అందుకే ఈ ఇంటిని ఎంచుకున్నాను.

పాతబస్తీలో బర్రెలేమిటని ఆశ్చర్యపడకండి. దీపావళి తరువాత సదర్ పండుగలో దున్నలను అలంకరించి ఊరేగించే నగరం ఇది. ఈ బర్రెల కోసం మూసీ ఒడ్డున పారా గడ్డి పెంచి, కోసి, మోపులు కట్టి పంపే రైతులు మీలోనే ఉన్నారు. అంచేత ఆ కొట్టానికీ మీ పొలానికీ సంబంధం ఉన్నది.

ఇక కథకు వస్తాను. కొన్నేళ్ళ క్రితం మామ బర్రెలను అమ్మేస్తానన్నాడు. కారణం పెండ. నాలుగు బర్రెల పెండ రోజుకు 50 కిలోల దాకా వస్తుంది. వేయడానికి చోటులేదు. నాలాలో పడితే నాలా నిండుతుంది, ఇరుగుపొరుగు తగాదాకు వస్తారు. ఒక నోటీసు కూడా వచ్చింది. ‘ఇగ నాతోని గాదు, అల్లుడా, అమ్ముకొని కిరాయి గదులు కట్టుకుంట’ అన్నాడు. అత్తమ్మ పొయ్యి దగ్గర నుంచే ‘బర్రెలు పోతే ఇంట్ల ఏముంటది? పిల్లల ఫీజులు నీ గదులు కడతయా?’ అన్నది. ఆమె పాల లెక్కలోనే ఆ ఇల్లు నిలబడి ఉంది. నేను వ్యవసాయ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి విస్తరణాధికారిగా పల్లెల్లో తిరుగుతూ గోబర్ గ్యాసు గురించి పదిమందికి చెప్పేవాణ్ణి. ఆనాటి దాకా నా సొంతవాళ్ళ ఇంట్లో చెప్పాలని తోచలేదు!

ముందు మంట సంగతి. పెండను గాలి చొరబడని తొట్టిలో పులియబెడితే మండే వాయువు వస్తుంది. మన దేశంలో 1950లలో జష్‌భాయి పటేల్ అనే ఆయన పైకీ కిందికీ కదిలే ఇనుప డ్రమ్ము గల ప్లాంటును రూపొందించారు. తరువాత ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ దానినే వ్యాప్తిలోకి తెచ్చింది. 1984లో దీనబంధు అనే గుమ్మటపు రకం వచ్చింది. ఇది ఇటుకలతో కట్టి భూమిలో పూడ్చేది; తుప్పు పట్టే డ్రమ్ము ఉండదు, స్థలం కూడా తక్కువ. మామ ఇంట్లో వేసినది ఇదే, 2 ఘనపు మీటర్లది.

లెక్క చూడండి. ఒక కిలో పచ్చి పెండకు సుమారు 40 లీటర్ల గ్యాసు వస్తుంది. 50 కిలోలకు 2,000 లీటర్లు, అంటే 2 ఘనపు మీటర్లు. ఒక మనిషి వంటకు రోజుకు పావు నుంచి 0.3 ఘనపు మీటరు సరిపోతుంది. ఆరుగురున్న ఇంటికి ఇది చాలు. పెండ ఎంతో నీళ్ళూ అంతే కలిపి, గడ్డిపరకలు ఏరివేసి ప్రతిరోజూ పొయ్యాలి. మొదటిసారి తొట్టి నింపాక గ్యాసు రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొదట వచ్చే గ్యాసు సరిగా మండదు, దానిని బయటికి వదిలివేయాలి. వదిలేటప్పుడు దగ్గరలో చుట్టా బీడీ, దీపం పనికిరావు. చలికాలంలో గ్యాసు కొంత తగ్గుతుంది, దానికి కంగారుపడకండి.

మరి మూడు జాగ్రత్తలు. కొట్టం కడిగిన నీళ్ళు కలపవచ్చు గాని, సబ్బు నీళ్ళు, ఫినాయిలు మాత్రం తొట్టిలో పడకూడదు. వాటితో లోపలి సూక్ష్మజీవులు చస్తాయి. సిలిండరు పొయ్యికి ఉండే సన్నని రంధ్రం ఈ గ్యాసుకు చాలదు కాబట్టి దీని పొయ్యి వేరేగా కొనాలి. గొట్టంలో నీటి ఆవిరి చేరి అడ్డుపడుతుంది. గొట్టాన్ని వాలుగా వేసి, దిగువన నీళ్ళు తీసేసే మలుపు ఒకటి పెట్టించండి.

తొట్టి నుంచి బయటికి వచ్చే చిక్కని పెండనీళ్ళను స్లర్రీ అంటాము. ఇది దిబ్బ మీద ఎండిన పెండకంటె మేలు. కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి, ఈగలు ముసరవు. మామ దీనిని ఆరబెట్టి సంచులకెత్తి, గడ్డి తెచ్చే బండిలోనే తిరిగి పంపుతున్నాడు. గడ్డి పొలం నుంచి వచ్చింది, ఎరువు పొలానికే పోయింది. నాలా తగాదా అక్కడితో తీరింది. బర్రెలు ఇంట్లోనే నిలిచాయి.

ఇక నీళ్ళ సంగతి. ఇక్కడ నేను చేసిన ఒక తప్పు కూడా మీకు చెప్పాలి. దాచిపెడితే ఈ ప్రసంగం వల్ల ప్రయోజనం లేదు.

హైదరాబాదుకు నీళ్ళ చరిత్ర పెద్దది. నగరం 1591లో వెలిసింది. అంతకు ముందే 1562 ప్రాంతంలో హుస్సేన్ సాగర్ కట్టారు. 19వ శతాబ్దం మొదట్లో దివాను మీర్ ఆలం పేరిట విల్లువంపుల కట్టతో ఒక చెరువు వచ్చింది. పాతబస్తీ చాలాకాలం ఆ నీళ్ళే తాగింది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టను పెట్టుకున్నది. ఆ తరువాత 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టిన జలాశయాలే తాగునీరు కూడా ఇచ్చాయి. అవి చాలక మంజీర నీళ్ళు, 2004లో కృష్ణా నీళ్ళు, 2015లో గోదావరి నీళ్ళు తెచ్చుకున్నాము. కృష్ణా, గోదావరి నీళ్ళు వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణంచేసి, మోటార్లతో ఎత్తు ఎక్కి మన బిందెలో పడుతున్నాయి. ఒక బిందె నీళ్ళు పారబోసినప్పుడు అంత కరెంటునూ పారబోసినట్టే.

నీళ్ళు దూరం నుంచి వచ్చిన కొద్దీ ఇంటి బావులు దిక్కులేనివయ్యాయి. మామ ఇంటి బావి కూడా అంతే. కుళాయి రాగానే గిలక ఊడదీశారు. తరువాత విరిగిన మంచాలు, పగిలిన పెంకులు అందులోనే వేశారు. చివరకు రాతిపలక కప్పేశారు. చిత్రమేమంటే, 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వానకు పాతబస్తీ దిగువ బస్తీలు ఇళ్ళ కప్పుల దాకా మునిగాయి. నాలుగు ఎండలు కాసి వేసవి రాగానే అవే గల్లీల్లో నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూపులు. వాన మనకు తక్కువ కాదు, నిలుపుకొనే చోటు తక్కువ.

బావిని తిరిగి బాగుచేద్దామని నేనే పట్టుబట్టాను. ఒక మాట ముఖ్యంగా గుర్తుంచుకోండి. ఏళ్ళ తరబడి మూసిన బావిలోకి ఎవ్వరూ చటుక్కున దిగరాదు. లోపల విషవాయువు చేరి ఉంటుంది. దీపం దించి చూసే పాత పరీక్ష ఒక్కటే చాలదు; కొన్ని వాయువులకు దీపం ఆరదు, కొన్ని దీపానికే అంటుకుంటాయి. మూత తీసి కొన్ని రోజులు వదిలేయాలి. లోపలికి గాలి కొట్టించాలి. అలవాటున్న పనివాళ్ళనే, నడుముకు తాడు కట్టి, పైన ఇద్దరిని నిలబెట్టి దింపాలి. ఒకడు లోపల పడిపోతే రక్షించబోయి రెండోవాడూ పోవడం మనం ఎన్నిసార్లు వినలేదు!

పూడిక తీశాక బావిలో ఊట కనిపించింది. నేను ఉత్సాహంకొద్దీ వాన నీళ్ళన్నీ బావిలోకి మళ్ళించమన్నాను. డాబా నీళ్ళు సరే, వాకిలి నీళ్ళు కూడా! ఆ వాకిట్లో బర్రెలు నడుస్తాయి, కొట్టం కడిగిన నీళ్ళు పారుతాయి. మొదటి పెద్దవానకు బావి నిండింది. నేను సంతోషించాను. పది రోజులకు మామ మనుమడికి వాంతులు, విరేచనాలు పట్టుకొని ఆసుపత్రిలో మూడు రోజులు సెలైను ఎక్కించవలసి వచ్చింది. పిల్లవాడు బావి నీళ్ళు తాగాడు. అత్తమ్మ నన్ను తిట్టలేదు. ‘చదువుకున్నోనివి, నువ్వు జెప్పినవని తాగనిచ్చిన బిడ్డా’ అన్నది, అంతే. తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

ఆ తరువాత నేర్చుకున్నది మీకు వరుసగా చెబుతాను.

మొదటిది, డాబా మీది వానను మాత్రమే పట్టుకోవాలి. వాకిలి నీళ్ళను బావిలోకి గాని, బావి పక్క ఇంకుడు గుంతలోకి గాని పోనివ్వకూడదు. వానకాలానికి ముందే డాబా ఊడ్చి కడగాలి. గొట్టానికి ఒక మళ్ళింపు మూత పెట్టి ప్రతి వానలో మొదటి నీళ్ళను బయటికి వదలాలి. 120 గజాల డాబాకు 100 నుంచి 200 లీటర్లు వదిలితే దుమ్ము, పిట్టల రెట్టలు కొట్టుకుపోతాయి. తరువాతి నీళ్ళు కంకర, ఇసుక, బొగ్గు పొరల గుండా దిగి తొట్టిలో చేరాలి.

రెండవది, తాగే నీళ్ళు వేరు, వాడే నీళ్ళు వేరు. హైదరాబాదు కింద ఉన్నది గ్రానైటు రాయి. ఆ రాతి పగుళ్ళలో ఊట ఎటునుంచి వస్తుందో, ఎవరి మరుగుదొడ్డి గుంతను తాకి వస్తుందో పైనుంచి కనిపించదు. కాబట్టి పాతబస్తీ బావి నీళ్ళు ఎంత తేటగా ఉన్నా పరీక్ష చేయించకుండా తాగరాదు. బావిలో బ్లీచింగ్ పౌడరు వేయదలిస్తే మంచి పౌడరు 1,000 లీటర్లకు రెండున్నర గ్రాములు కలిపి, గంటసేపు ఆగి వాడుకోవాలి. బావికీ గ్యాసు ప్లాంటుకూ మధ్య కనీసం 10 నుంచి 15 మీటర్ల దూరం ఉండాలి. మామ ఇంట్లో బావి ముందు, కొట్టం వెనక ఉండడం అదృష్టమే. అంత దూరం లేని ఇంట్లో రెంటిలో ఒకటే పెట్టుకోండి.

మూడవది, లెక్క. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన. 120 గజాలంటే 100 చదరపు మీటర్లు. తడికీ ఆవిరికీ పోయినది పోగా ఒక మిల్లీమీటరు వానకు 80 లీటర్లు చేతికొస్తాయి. ఏడాదికి 64,000 లీటర్లు. ఇప్పుడు ఖర్చు చూడండి. ఆరుగురికి తాగడానికీ వంటకూ రోజుకు 50 లీటర్లు. స్నానం, బట్టలకు 360. నాలుగు బర్రెలు తాగేది 240. కొట్టం కడగడానికీ పెండ కలపడానికీ 100. మొత్తం 750 లీటర్లు, ఏడాదికి రెండు లక్షల డెబ్భై వేల పైచిలుకు. అంటే డాబా నీళ్ళు నాలుగో వంతు కూడా రావు. ‘కుళాయి పీకేయండి, వానతోనే బతకవచ్చు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. కాని తాగడానికీ వంటకూ మాత్రమే చూస్తే, వాన లేని 240 రోజులకు 12,000 లీటర్లు చాలు. 10 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు తొట్టి అందుకు సరిపోతుంది. 150 మిల్లీమీటర్ల వానకే అది నిండుతుంది. వెలుతురు, దోమ చొరకుండా మూత వేసి, కాచి తాగాలి. మిగిలిన డాబా నీళ్ళు బావికి పోతాయి. బావి నీళ్ళు బర్రెలకూ కొట్టానికీ, కుళాయి నీళ్ళు స్నానానికీ బట్టలకూ. ఏ నీళ్ళు ఏ పనికో తెలిసిన ఇంటికి కుళాయి రెండు రోజులు రాకపోయినా కష్టముండదు.

ఇక వేడినీళ్ళు, దీపం. పుష్యమాసపు చలిలో స్నానానికీ, పాల క్యాన్లు కడగడానికీ వేడినీళ్ళు కావాలి. 100 లీటర్లను 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచాలంటే కరెంటు దాదాపు 5 యూనిట్లు ఖర్చవుతుంది. అదే పని డాబా మీద ఎండతో కాచే సోలార్ హీటరు ఊరికే చేస్తుంది. మబ్బు పట్టిన రోజున మాత్రం పెండ గ్యాసు వాడుకోవలసిందే. బోరు నీళ్ళు ఉప్పు గనుక దాని గొట్టాల్లో సున్నం పేరుకుంటుంది. వీలయితే తేలికపాటి నీళ్ళు పొయ్యండి.

కరెంటు కోసం పలకలు పెట్టదలచినవారు ఈ సంగతులు గ్రహించండి. ఒక కిలోవాటుకు నీడ పడని 100 చదరపు అడుగుల చోటు కావాలి. రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. పలకలు దక్షిణ దిక్కుకు, సుమారు 17 డిగ్రీల వాలులో ఉండాలి. ఆరడుగుల పలక అయితే వెనక అంచు ఒక అడుగు తొమ్మిది అంగుళాలు ఎత్తితే సరి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పి.ఎం. సూర్యఘర్ పథకం కింద కేంద్రం 2 కిలోవాట్లకు 60,000 రూపాయలు, 3 కిలోవాట్లు ఆపైన 78,000 రూపాయలు సబ్సిడీ ప్రకటించింది. 2 కిలోవాట్లకు నెలకు 240 యూనిట్లు. ‘గృహజ్యోతి కింద 200 యూనిట్లు ఉచితమే గద, ఇంక ఇదెందుకు?’ అని మామ అడిగాడు. మంచి ప్రశ్నే. 200 లోపు వాడేవారికి తొందరలేదు. మోటారు, ఫ్యాన్లు, కూలరు నడిచి వేసవిలో 200 దాటినప్పుడే ఇబ్బంది. మీ నాలుగు వేసవి నెలల బిల్లులు ముందర పెట్టుకొని, సెక్షన్ ఆఫీసులో నెట్ మీటరు సంగతి అడిగి తెలుసుకున్నాకనే డబ్బు పెట్టండి.

చాలామంది మోసపోయేది ఇంకొక చోట. పలకలుంటే కరెంటు పోయినా దీపం వెలుగుతుందనుకుంటారు. లైనుకు కలిపిన మామూలు ఏర్పాటులో లైను పోగానే పలకల కరెంటు కూడా ఆగిపోతుంది. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మన్ ప్రాణం కాపాడడానికే ఆ ఏర్పాటు. కరెంటు పోయినప్పుడు కూడా వెలగాలంటే బ్యాటరీ గల రకం కావాలి, దానికి ఖర్చు ఎక్కువ. మామ రెండు దీపాలకూ ఒక ఫ్యానుకూ సరిపడే చిన్న బ్యాటరీ ఒకటే పెట్టుకున్నాడు. ఆ మాత్రం చాలన్నాడు.

పని మొదలుపెట్టేవారికి నా సలహా ఇది. మూడూ ఒకేసారి తలపెట్టి అప్పులపాలు కావద్దు. మొదటి ఏడు డాబా గొట్టాలు, నీళ్ళ తొట్టి. రెండో ఏడు, నాలుగు పశువులుంటే గ్యాసు ప్లాంటు. రెండే ఉంటే ఒక ఘనపు మీటరుది, లేనివారికి అది వద్దు. మూడో ఏడు ఎండ పలకలు. గ్యాసు ప్లాంట్లకు 2022లో ప్రకటించిన జాతీయ బయో ఎనర్జీ కార్యక్రమంలో సహాయం ఏర్పాటయింది; అది ఇప్పుడూ ఉందో లేదో, మీ జిల్లాలో ఎవరిని కలవాలో మీ రైతువేదికలో విస్తరణాధికారిని అడగండి. తోటి విస్తరణాధికారులకు కూడా ఒక మనవి. ప్లాంటు కట్టించి ఫొటో తీసుకొని రావడంతో మన పని అయిపోదు. ఆరు నెలల తరువాత మళ్ళీ వెళ్ళి మంట నీలంగా ఉందా, తొట్టి నీళ్ళు ఎవరు తాగుతున్నారు అని చూడాలి. నేను ఆ పది రోజుల్లో ఒక్కసారి వెళ్ళి చూసి ఉంటే ఆ పిల్లవాడు ఆసుపత్రి పాలయ్యేవాడు కాడు.

ఇప్పుడు మామ ఇంట్లో వంటకు సిలిండరు పండుగలకే వాడుతున్నారు. బావికి గిలక తిరిగి వచ్చింది. దాని పక్క గోడ మీద అత్తమ్మ సున్నంతో ‘బర్రెలకు’ అని రాయించింది. తాగేనీళ్ళ తొట్టి మీద ‘మనకు’ అని రాసి ఉంది. ఇంటికి వచ్చిన చుట్టాలు నవ్వుతారు. మీ ఇంట్లో కూడా అట్లా రెండు మాటలు రాసి పెట్టుకోండి, నవ్వినా ఫరవాలేదు.